గుసగుసలమ్మ చెప్పని మెట్టు

ఆమెకు గుసగుసలమ్మ అని పేరు పెట్టింది సినిమా హాలు గేటు దగ్గర టిక్కెట్లు చించే ముసలాయన. వెక్కిరింపుగా పెట్టాడో ముద్దుగా పెట్టాడో ఆయనకే తెలియాలి. "అదిగో గుసగుసలమ్మ వచ్చింది, పక్క సీట్లవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకోండి" అని నలుగురిలో అనేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. ఆమె భుజం మీద చెయ్యి వేసి వెనకాలే నడిచే అన్నయ్య మాత్రం ఊరుకునే రకం కాదు. "మీ చెవుల్లో దూది ముందునుంచీ ఉన్నట్టుంది. లేకపోతే ఆ పగిలిన స్పీకర్ల గోల ఇన్నాళ్ళు ఎలా భరించారండీ?" అనేవాడు.

ఆ స్పీకర్ల సంగతి అన్నయ్యకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆయన వయసంతా ఆ హాల్లోనే, పైన ప్రొజెక్టరు గదిలో గడిచింది. వందలమంది చూసే సినిమాను ఆయన జానెడు కిటికీలోంచి చూసేవాడు. ముప్పై అయిదు దాటాక సాయంత్రాలు చూపు మసకబారడం మొదలైంది. తర్వాత పక్కలు మూసుకుపోయాయి. రెండు వైపుల నుంచీ ఎవరో పరదా లాక్కొస్తున్నట్టుంది అన్నాడు ఒకసారి, అన్నం తింటూ, మామూలుగా. కంటి వెనక పొర ఎండిపోతోంది, దీనికి మందు లేదు అని డాక్టరు చెప్పాడు. ఆ పరదా పూర్తిగా పడిపోయాక ఆయన ఉద్యోగం మానుకున్నాడు. హాలు మేనేజరు అందరినీ పిలిచి, చప్పట్లు కొట్టించి, ఒక బహుమతి చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే గోడ గడియారం. ఇంటికి వచ్చాక వదిన దాన్ని పట్టుకుని ఏడ్చింది. "ఏడవకు, టిక్కుటిక్కుమంటుందిగా, అది చాలు" అన్నాడాయన.

మాటలకేం, బాగానే మాట్లాడేవాడు. కానీ వదిన ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేయడానికి వెళ్ళిపోతే, చెల్లెలు దర్జీ దుకాణానికి వెళ్ళిపోతే, పగలంతా ఒక్కడే కుర్చీలో కూర్చుని ఉండేవాడు. దుకాణంలో ఆమె పని పాత బట్టల రిపేరు. పొడుగు ప్యాంట్లు కత్తిరించడం, బిగుతైన జాకెట్లు విప్పి వదులు చేయడం. సాయంత్రం వచ్చేసరికి పొద్దున పెట్టిన మంచినీళ్ళ గ్లాసు పెట్టినచోటే ఉండేది. ఒక శనివారం ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "లే, సినిమాకి పోదాం పద" అంది. "ఎవరు చూడ్డానికి?" అన్నాడు. "నేను చూస్తా. నువ్వు విందువుగాని."

మొదటిరోజు ఆమె చెప్పడం ఘోరంగా ఉంది. "ఇప్పుడు వాడు... అయ్యో... పాపం అన్నయ్యా..." అంటూ ముక్కు చీదుకుంటూ కూర్చుంది. ఆయన కాసేపు ఓర్చుకుని, మోచేత్తో పొడిచాడు. "ఒసేయ్, నువ్వు అయ్యో పాపం అంటే నాకేం కనిపిస్తుందే? వాడేం చేస్తున్నాడో చెప్పు. పాపమో కాదో నేను చూసుకుంటా."

ఆ ఒక్క మాటతో ఆమెకు దారి దొరికింది. ఎవరు ఎటు నడిచారు, చేతిలో ఏముంది, ఎవరు ఎవరి వైపు చూడకుండా మాట్లాడుతున్నారు, ఇవి చెప్పడం నేర్చుకుంది. తెర మీద మాటలు వస్తున్నప్పుడు ఆగడం, మాటకీ మాటకీ మధ్య సందులో సూదిలా దూరిపోవడం నేర్చుకుంది. ఆయన ఎప్పుడూ ఆమెకు కుడిపక్కన కూర్చునేవాడు. ప్రతి మాటకూ గొంతులోనే "ఊఁ" అనేవాడు. చిన్నప్పుడు ఆయన కథ చెబితే ఆమె ఊ కొట్టేది. ఇప్పుడు ఆమె చెబుతుంటే ఆయన ఊ కొడుతున్నాడు, అంతే తేడా. ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి "ష్" అనేవారు. కొందరు గట్టిగానే తిట్టారు. అందుకని ఇద్దరూ బాల్కనీలో ఆఖరి వరుస మూలకి చేరారు. అక్కడ వాళ్ళ గుసగుసలు వినేది గోడ ఒక్కటే.

వదిన ఏనాడూ వాళ్ళతో రాలేదు. "చీకట్లో మూడు గంటలు కట్టేసినట్టు కూర్చోవడం నావల్ల కాదు. మీ అన్నాచెల్లెళ్ళ మధ్య పానకంలో పుడకలా నేనెందుకు?" అనేది. అందులో కాస్త చురక ఉందని ఆమె అనుకునేది.

ఆ తర్వాత హాలు కొన్ని నెలలు మూసేసి బాగు చేయించారు. తెరిచిన మొదటి వారమే ఇద్దరూ వెళ్ళారు. లోపలికి అడుగు పెట్టగానే అన్నయ్య ఊపిరి పీల్చి, "కొత్త సీట్లు. కొత్త రంగు. ఆ ఎలకల కంపు మాత్రం అలాగే ఉంచారు, గుర్తుగా" అన్నాడు. బాల్కనీ మెట్లు ఎక్కుతుంటే మొదట్లోనే ఆమె కాలి బొటనవేలికి ఏదో తగిలింది. చూసింది. మెట్ల అడుగున కొత్తగా ఒక మెట్టు కట్టారు. వరుసలు ఎత్తు పెంచినందుకు సరిపెట్టడానికి కాబోలు. తక్కినవాటికంటే పొట్టిగా, అదే రంగులో, ఉందో లేదో తెలియకుండా ఉంది. అన్నయ్యకు చెప్పాలి అనుకుంది. అప్పటికే దీపాలు ఆరిపోతున్నాయి, పేర్లు పడుతున్నాయి. పేర్లు చదవకపోతే ఆయనకు కోపం. సరే తర్వాత చెప్దాంలే అనుకుని పైకి నడిపించి, కూర్చోబెట్టి, పేర్లు చదవడం మొదలుపెట్టింది.

విశ్రాంతి సమయంలో ఆమె కిందికి, ఆడవాళ్ళ మరుగుదొడ్డికి వెళ్ళింది. అక్కడ బారు పెద్దగా ఉంది. ఆమె ముందున్న అమ్మాయి చీర కుచ్చిళ్ళు లెక్కపెడుతూ నిలబడి ఉండగా బాల్కనీ మెట్ల వైపునుంచి ఒక చప్పుడు వినిపించింది. కుర్చీ పడ్డట్టు. ఎవరో అరిచారు.

అన్నయ్యకు పాత ప్రొజెక్టరు గది చూసి రావాలనిపించింది. చూసి రావడం అంటే, తలుపు తట్టి, కొత్త ఆపరేటరును పలకరించి రావడం. ఆ గదికి దారి బాల్కనీ మెట్ల కిందనుంచే. ఆ మెట్లు ఎక్కీ దిగీ ఆయన కాళ్ళు అరిగాయి. ఎవరినీ పిలవలేదు. తన పాత లెక్క ప్రకారం దిగాడు. మెట్లు అయిపోయాయనుకున్నచోట ఇంకొకటి ఉంది. పట్టుకోవడానికి కడ్డీ లేదు. నుదురు ఎదురుగోడ అంచుకు తగిలింది. ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఊపిరి ఒక్కటే ఆడింది. తర్వాత అదీ లేదు.

చూడ్డానికి వచ్చిన మేనేజరు గుమ్మం దగ్గర నిలబడి, "కళ్ళు కనపడనివాళ్ళు ఒంటరిగా ఎందుకు తిరగాలమ్మా?" అన్నాడు. వదిన లోపలికి వెళ్ళిపోయింది. గుసగుసలమ్మ నోట్లో అప్పుడు ఒకటే మాట తిరుగుతోంది. తెర మీదున్నవన్నీ చెప్పాను. కాళ్ళ కిందున్నది చెప్పలేదు.

ఆ మాట ఆమె ఎవరితోనూ పైకి అనలేదు. మళ్ళీ సినిమా హాలు గడప తొక్కలేదు. కానీ చెప్పడం మాత్రం ఆగలేదు. దుకాణానికి నడుస్తూ నడుస్తూ పెదవులు కదిలేవి. "ఎదురుగా సైకిలు వస్తోంది. వెనక గ్యాసు బండ కట్టాడు, ఒక పక్కకు వాలిపోతోంది. గేటు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు, ఒకావిడ చేతిలో కొత్త చీపురు." ఎవరైనా చూస్తే ఫోనులో మాట్లాడుతోంది అనుకునేవారు. కుట్టుమిషను ముందు కూర్చున్నా అంతే. "ఎవరితోనమ్మా?" అని దుకాణం యజమాని ఒకసారి అడిగి, ఆమె మొహం చూసి మళ్ళీ అడగలేదు.

ఇంతవరకూ అయితే అలవాటు అనుకోవచ్చు. ఒక్కోసారి, పట్టించుకోకుండా చెప్పుకుపోతున్నప్పుడు, కుడిచెవి పక్కనుంచి "ఊఁ" అని వినిపించేది. మెల్లగా, గొంతులోనే. ఆమె గబుక్కున తిరిగి చూసేది. దుకాణంలో అయితే వేలాడే కోట్లు. దారిలో అయితే గోడ. ఆగి నిలబడి, మళ్ళీ చెప్పి చూసేది. కావాలని చెబితే వినిపించేది కాదు. దాంతో ఆమెకు కొత్త భయం పట్టుకుంది. చెప్పడం మానేస్తే, ఎక్కడో చీకట్లో ఒక మనిషి, తర్వాతేమైందో తెలియక, అలా కూర్చుండిపోతాడేమోనని.

గోడ అవతలి గదిలో వదిన ఇదంతా వినేది. ఒక్కనాడూ అడగలేదు. ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకునేవారు, ఒకే తాడు మీద బట్టలు ఆరేసుకునేవారు. ఆయన మాట మాత్రం ఇద్దరూ ఎత్తేవారు కాదు. కొన్నేళ్ళు అలాగే గడిచాయి.

ఒక మధ్యాహ్నం దర్జీ దుకాణం ముందు రోడ్డు మీదనుంచి ఎవరో గట్టిగా పిలిచారు. "అక్కా! మీరే బయటికి రావాలి. మీ గడప నన్ను రానివ్వదు."

చక్రాల కుర్చీలో ఒక అమ్మాయి. ఒళ్ళో నారింజరంగు కోట్ల గుట్ట. ఊళ్ళో జరగబోయే సినిమా పండగలో వచ్చినవాళ్ళకు సాయం చేసే కుర్రకారుకు వాటిని సరిచేయాలట. మాట్లాడుతూనే పక్క షాపువాణ్ణి పిలిచి బండి అడ్డం తీయించింది, వెళ్ళే ఆటోను ఆపి హారను తగ్గించమంది. ఆ పండగలో పనివాళ్ళందరూ ఆమెను మేస్త్రమ్మ అంటారని తర్వాత తెలిసింది.

కోట్లు ఇచ్చేశాక కూడా మేస్త్రమ్మ కదల్లేదు. "గుసగుసలమ్మ అంటే మీరేనా? గేటు దగ్గరి తాతగారు చెప్పారు."

గుసగుసలమ్మ చేతిలో కోటు జారింది. "ఆ పేరు ఎప్పుడో పోయింది."

"పోనీలెండి, పని ఉందిగా. కళ్ళు కనిపించనివాళ్ళు కొందరు వస్తున్నారు. చెవిలో చిన్న యంత్రం పెట్టుకుంటారు. మీరు వెనక అద్దాల గదిలో కూర్చుని సినిమా చెప్పాలి. పక్కవాళ్ళకి వినపడదు, ఎవరూ ష్ అనరు."

"ఆ హాలుకి నేను రాను."

"కారణం అడగను" అంది మేస్త్రమ్మ. కుర్చీ తిప్పుకుంది. తిప్పుకున్నదల్లా ఆగింది. "వచ్చేవాళ్ళలో ఒక టీచరుగారు ఉన్నారు, రిటైరయ్యారు. ఆవిడేమందో తెలుసా? 'మా కోడలు పక్కన కూర్చుని చెబుతుంది. పాపం మంచిదే. కానీ సగం సినిమా, సగం కోడలి అభిప్రాయాలు. చచ్చేలోగా ఒక్క సినిమా అయినా అభిప్రాయాలు లేకుండా చూడాలని ఉంది' అంది."

గుసగుసలమ్మకు నవ్వు వచ్చింది. నవ్వాక ఏడుపు వచ్చినంత పనైంది. ఆ అమ్మాయి వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. "కుర్చీ వెనక ఎర్ర సంచి వేలాడుతోంది. గుంత వచ్చింది. తప్పించింది" అని నోట్లో అనుకుంది. "ఊఁ" అని వినిపించింది.

మరుసటి వారం హాలు ఖాళీగా ఉన్న పొద్దున పూట వెళ్ళింది. మేస్త్రమ్మ తిప్పి చూపించింది. పక్క తలుపుకి చెక్కల వాలుదారి వేయిస్తున్నారు. చక్రాల కుర్చీలకు చోటు హాలు మధ్యలో, కొన్ని సీట్లు పీకించి పెట్టారు. చెవులు వినపడనివాళ్ళకు తెర కింద అక్షరాలు. మెరుపు వెలుగులు పడనివాళ్ళకు ముందే హెచ్చరిక. గోల తట్టుకోలేనివాళ్ళు వచ్చి కూర్చోవడానికి ఒక నిశ్శబ్దపు గది. గేటు పక్కన ఒక బల్ల, దాని వెనక ఎప్పుడూ ఇద్దరు ఆడవాళ్ళు.

"ఆ బల్ల ఎందుకు?"

"చీకట్లో చేతులు వేసేవాళ్ళుంటారు కదక్కా. ఇన్నాళ్ళూ ఏం చెప్పారు మనకి? ఒంటరిగా రాకండి, చివరి సీట్లో కూర్చోకండి అని. చీకటి వాడి బాబుదా? అందరిదీ. వాడే బయటికి పోవాలి."

బాల్కనీ మెట్ల దగ్గరికి వచ్చేసరికి మేస్త్రమ్మ కింద ఆగిపోయింది. గుసగుసలమ్మ కూడా ఆగింది. ఆ పొట్టి మెట్టు అక్కడే ఉంది. రంగు కాస్త చెక్కుకుపోయింది. ఎవరెవరో తొక్కి తొక్కి మధ్యలో నున్నబడింది. పైన వరుసలన్నీ ముడుచుకున్న సీట్లతో చీకట్లో ఉన్నాయి. ఎవరూ లేని హాల్లో, ఆఖరి వరుస మూలనుంచి, సీటు ఒకటి కిర్రుమంది. చెక్క కదా, చలికి ఎండకి కిర్రుమంటుంది. గుసగుసలమ్మ ఒకడుగు వెనక్కి వేసింది.

"ఇక్కడ ఎవర్నీ కూర్చోబెట్టకండి" అంది. "అందర్నీ కిందే ఉంచండి."

మేస్త్రమ్మ తల ఎత్తి పై వరుసలవైపు చూసింది. "నన్ను పుట్టినప్పటినుంచీ తలుపు పక్కనే కూర్చోబెట్టారక్కా. నీ మంచికే అన్నారు. ఎవరికి ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చుంటారు. మెట్లు సరిచేసుకోవడం మన పని. గోడ వైపు కడ్డీ రేపు బిగిస్తారు, రెండోవైపుది ఎల్లుండి."

గోడ వైపు కడ్డీ వచ్చింది. రెండోవైపుది ఎల్లుండి రాలేదు, ఆ తర్వాతా రాలేదు. కమ్మరి ఫోను ఎత్తడం మానేశాడు.

పండగ రెండో రోజు మధ్యాహ్నం ఆట ఆమెది. సినిమాను ముందే మేస్త్రమ్మ ఆఫీసులో చూసుకుంది, ఎక్కడ ఏం చెప్పాలో అనుకుంది. అద్దాల గది బాల్కనీ వెనక, ప్రొజెక్టరు గది పక్కనే. కూర్చుంటే తెరా కనిపిస్తుంది, బాల్కనీ వరుసలూ కనిపిస్తాయి. ముందు మైకు, నొక్కితే మాట్లాడే మీట. కుడిపక్కన ఖాళీ గోడ. మీట ఎక్కడుందో వేలితో తడిమి చూసుకుంది. దీపాలు ఆరాయి. మొదటి పేరు పడింది. ఆమె చదివింది.

మొదటి సగం గడిచిపోయింది. ఎప్పుడు భయం తగ్గిందో ఆమెకు తెలియదు. కథలో ఒక తల్లి, చిన్నప్పుడే తప్పిపోయిన కొడుకును వెతుకుతోంది. గుసగుసలమ్మ మాటల సందుల్లో దూరి చెబుతూ పోయింది. తల్లి నడిచే రైలుపట్టాలు. కడిగిన గిన్నెలు బోర్లించిన బల్ల. ఎవరి చేతులకు ఏం అంటుకుందో. విశ్రాంతి తర్వాత కింద ఏదో అలజడి అయింది. ఒక అమ్మాయి పక్క సీటువాణ్ణి తోసేసి లేచింది. బాల్కనీ మెట్ల దగ్గర కాపలా ఉన్న నారింజరంగు కోటు కుర్రాడు ఆ అమ్మాయికి తోడుగా కిందికి పరిగెత్తాడు. మెట్ల దగ్గర ఎవరూ లేరు.

సరిగ్గా అప్పుడు తెర మీద తల్లి ఒక తలుపు ముందు నిలబడింది. బాల్కనీ మధ్య వరుసలో ఒక మనిషి లేచి నిలబడ్డాడు.

తెర వెలుగులో వీపు మాత్రమే కనిపిస్తోంది. కాస్త వంగిన భుజాలు. చేతిలో మడత కర్ర, ఇంకా విప్పలేదు. సీట్ల వీపులు తడుముకుంటూ, ధీమాగా, దారి తెలిసినవాడిలా వస్తున్నాడు. గోడ వైపు కాదు. కడ్డీ లేని వైపు.

గుసగుసలమ్మ మనసులో ఒక్కటే అనుకుంది. వచ్చాడు. గదికి వెళ్ళాలని లేచాడు. తెర మీద తలుపు తెరుచుకుంటోంది. చెవుల్లో యంత్రాలు పెట్టుకున్నవాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఆ మనిషి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. చెవిలో యంత్రం అలాగే ఉంది, తీయడం మరిచిపోయాడు. ఆమె మీట నొక్కింది.

"అన్నయ్యా, ఆగు."

ఆ మనిషి ఆగాడు.

"బాల్కనీలో మెట్ల మీద నిలబడ్డ అన్నయ్యా, నీకే చెబుతున్నా. నీ కుడివైపు ఏమీ లేదు. ఎడమచెయ్యి చాపు. ఇంకా. అదీ. గోడ తగిలిందా? గోడకి కడ్డీ ఉంది, పట్టుకో. ఇప్పుడు దిగు. మెల్లగా. ఇంకొకటి. ఇంకొకటి. మెట్లు అయిపోయాయి అనిపిస్తుంది. అవ్వలేదు. కింద ఇంకో మెట్టు ఉంది. కొత్తగా కట్టారు, పొట్టిది. కాలు జార్చి చూడు. ఉందా? అదే. అదే ఆఖరిది. ఇప్పుడు నేల. దిగావు. దిగిపోయావు అన్నయ్యా."

కింద నిలబడి ఆ మనిషి గొంతు వచ్చిన దిక్కు తెలియక, గాల్లోకి ఓ చెయ్యి ఎత్తి ఊపాడు. తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. ఆమె మీట మీదనుంచి వేలు తీయలేకపోయింది. హాల్లో ఏడుపులు వినిపిస్తున్నాయి. తెర మీద తల్లీ కొడుకూ కలుసుకోవడం ఎప్పుడో అయిపోయింది.

ఆట అయ్యాక యంత్రాలు తిరిగి ఇచ్చేచోట గొడవ. రిటైరైన టీచరుగారు బల్ల మీద కొట్టి మరీ అడుగుతోంది. "బాగా చెప్పావమ్మా, కాదనను. కానీ తల్లి తలుపు ముందు నిలబడిందా? ఆ మెట్లెక్కడినుంచి వచ్చాయి? కొడుకు మేడమీదనుంచి దిగి వస్తున్నాడు కాబోలనుకున్నాను. కన్నతల్లి వాణ్ణి అన్నయ్యా అంటుందేమిటి అని బుర్ర బద్దలైంది!"

"నేను తలుపు వెనక నుయ్యి ఉందనుకున్నా" అన్నాడు ఇంకొకాయన.

మెట్లు దిగిన మనిషి తలవంచుకుని చెయ్యి ఎత్తాడు. పాటలు పాడేవాడికి ఉండేలాంటి గొంతు ఆయనది, దానికి అన్నయ్య గొంతు పోలికే లేదు. "అది నేనండీ. బాత్రూమ్‌కి వెళ్ళాను. ఎవరికీ తెలియకుండా వెళ్దామనుకున్నా. ఇప్పుడు ఇంతమందికి తెలిసింది."

అందరూ పగలబడి నవ్వారు. గుసగుసలమ్మ కూడా నవ్వింది. నవ్వుతూ కొడుకు ఎవరో, తలుపు తెరిచాక ఏమైందో, వాళ్ళు వినలేకపోయినదంతా మళ్ళీ మొదటినుంచి చెప్పింది. అలా అన్నయ్యా అని పిలిచినందుకు ఎవరూ ఏమీ అనుకోలేదు. కొత్తవాళ్ళను అన్నయ్యా అని పిలవడంలో వింతేముంది?

మేస్త్రమ్మ ఒక్కతే ఆమె వైపు నవ్వకుండా చూసింది. అందరూ వెళ్ళాక కుర్చీ దగ్గరగా జరుపుకుని, "ఆ ఆఖరి మెట్టు చీకట్లో ఆ అద్దాల గదిలోంచి కనపడదక్కా. అక్కడ మైకు బిగించిన కుర్రాళ్ళు చెప్పారు" అంది.

గుసగుసలమ్మ చెప్పింది. ఇన్నేళ్ళలో మొదటిసారి, నిలబడే, కొన్ని మాటల్లో. మేస్త్రమ్మ ఓదార్పు మాటలేమీ అనలేదు. ఫోను తీసి కమ్మరికి చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తేదాకా చేస్తూనే ఉంది. పండగ అయిపోయాక హాలు యజమానితో పోట్లాడి, రెండువైపులా కడ్డీలు శాశ్వతంగా ఉంచేలా ఒప్పించింది. మెట్టును పగలగొట్టి అన్నిటినీ సమంగా కట్టిస్తానని యజమాని మాట ఇచ్చాడు. ఆ మాట ఇంకా మాటగానే ఉంది.

సినిమా చెప్పిన రోజు సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళేసరికి వదిన వరండాలో కూర్చుని చెప్పుల పట్టీ విప్పుకుంటోంది. ఆసుపత్రికి వెళ్ళే చెప్పులు కావు అవి. గుసగుసలమ్మకు అర్థం కాలేదు.

"నేనూ ఆ యంత్రం అడిగి తీసుకున్నా" అంది వదిన తల ఎత్తకుండా. "కింద వరుసలో కూర్చున్నా. కళ్ళు మూసుకునే కూర్చున్నా."

గుసగుసలమ్మ గోడకు ఆనుకుంది. హాల్లో అన్నీ విని, అంతా అర్థమైన మనిషి ఒకే ఒక్కతి ఉంది. ఆమె ఇప్పుడు ఎదురుగా కూర్చుని ఉంది.

"ఆ మెట్టు సంగతి నీకు ముందే తెలుసా?" అని అడిగింది వదిన.

"తెలుసు. ఎక్కేటప్పుడు నా కాలికి తగిలింది. చెప్దామనుకున్నా. పేర్లు పడుతున్నాయని..."

వదిన రెండో చెప్పు పట్టీ కూడా విప్పింది. వీధిలో ఎవరో షట్టరు దించారు. "నీ భుజం పట్టుకుని ఆయనా ఎక్కాడుగా" అంది చివరికి. "నీ కాలికి తగిలింది ఆయన కాలికి తగల్దా? ఆయనకీ తెలుసు. దిగేటప్పుడు మరిచిపోయి ఉంటాడు. పాత రోజులు గుర్తొచ్చుంటాయి."

ఇంత తేలికైన మాట ఇన్నేళ్ళూ ఆమెకు తట్టలేదు. మాట న్యాయంగానే ఉంది. కానీ అది మనసులోకి దిగలేదు, గుమ్మంలోనే నిలబడింది. ఆమె కుడివైపు తిరిగి చూసింది. వరండా స్తంభం, దాని మీద ఆరేసిన తువ్వాలు. తువ్వాలు కదులుతోంది, గాలి లేదు. వదిన కూడా అటే చూసింది.

"నీకూ వినిపిస్తుందా?" అంది గుసగుసలమ్మ, గొంతు తగ్గించి.

"నాకు నీ మాటలే వినిపిస్తాయి, గోడ అవతలనుంచి. నువ్వు ఆపితే నాకు నిద్ర పట్టదు."

ఆ మాటకు ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేకపోయారు. వదిన లేచి లోపలికి వెళ్ళి దీపం వేసింది. పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. అక్కడినుంచే మాట్లాడింది. "నేనెందుకు రాలేదో నీకు తెలియదు. మీరిద్దరూ చూసి వచ్చాక ఆయన నాకు చెప్పేవాడు. మొదటినుంచీ చివరిదాకా, నటించి మరీ. నాకు హాలుకి వెళ్ళే పనేముంది? ఆ మూగ అన్న కథ ఉందే, దాంట్లో చెల్లెలి పెళ్ళినాడు చిలక పంజరంలోంచి బయటికొచ్చి పెళ్ళికొడుకు తలపాగా మీద వాలుతుంది. ఎన్నిసార్లు చెప్పించుకున్నానో ఆ ముక్క."

గుసగుసలమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ సినిమా ఆమెకు బాగా గుర్తు. అది మూగ అన్న కథే. పెళ్ళి కూడా ఉంది.

"ఆ సినిమాలో చిలక లేదు వదినా."

"ఎందుకు లేదు? ఆకుపచ్చది. మెడ దగ్గర ఎర్ర గీత."

"నేను చూశాను. అసలు పంజరమే లేదు."

"నువ్వు చూసింది నాకెందుకు?" అంది వదిన, నీళ్ళలో టీ పొడి వేస్తూ. "ఆయన చెప్పినదాంట్లో ఉంది."